పది మాటల్లో నాలుగు

మేకు అని ఆ పిల్లకి ఎవరు పేరు పెట్టారో గాని, చూసే పెట్టారు. రగ్బీలో స్క్రమ్ అని ఒకటుంటుంది. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది నడుం వంచి, ఒకరినొకరు పట్టుకుని, భుజాలు ఆనించి తోసుకుంటారు. ముందు వరసలో ముగ్గురు. ఆ ముగ్గురిలో నడిమి మనిషికి సొంత చేతులంటూ ఉండవు. ఒక చెయ్యి కుడిపక్క మనిషి మీద, ఇంకో చెయ్యి ఎడమపక్క మనిషి మీద వేసి వాళ్ల బలం మీద వేలాడాలి. వాళ్లు పట్టు వదిలితే మొహం నేలకి కొట్టుకోవడమే. అలాంటి చోట ఈ పిల్ల ఒకసారి దిగబడిందంటే పీకడం ఎవరి తరమూ కాదు. అందుకని మేకు.

మేకైనా ఒళ్లు ఇనుము కాదు కదా. ఇరవై అయిదేళ్లకే ఎడమ భుజం ఒకసారి, కుడి మోకాలు రెండుసార్లు కోయించుకుంది. పాత క్లబ్బువాళ్లు మొదటి ఆపరేషన్‌కి పూలు పంపారు, రెండోదానికి కార్డు పంపారు, మూడోదానికి ఒప్పందం ముగిసిందని ఉత్తరం పంపారు. లోకం తీరు అంతే, కాలున్నంత వరకే కబుర్లు. పట్టు వదలకుండా దేశం దాటి వచ్చి, ఇక్కడ ఒక చిన్న క్లబ్బులో ఆరు వారాల ట్రయల్స్‌లో చేరింది.

జట్టు బట్టలుతికే పెద్దమ్మ ఇంట్లో, జెర్సీలు ఆరేసే గది పక్కన ఓ గది ఇచ్చారు. గోడ అవతల ముప్పై జెర్సీలు చెమ్మగా వేలాడుతుంటే ఇవతల మంచం, మంచం కింద బూట్లు. తెల్లవారుజామున బేకరీలో పిండి బస్తాలు మోసేది. పొయ్యిలోంచి ట్రేలు వచ్చేదాకా ఒంటికాలి మీద నిలబడేది, పళ్లు తోముకునేటప్పుడు కూడా అంతే. పెద్దమ్మ చూసి చూసి, "కొంగకైనా మధ్యలో కాలు మార్చుకోవాలనిపిస్తుంది, నీకు అనిపించదా" అనేది. కుడి తొడ ఎడమ తొడంత లావయ్యాక గాని మార్చనని మేకు సమాధానం. అయిదో వారానికి టేపు పెట్టి కొలిస్తే రెండూ సమానమయ్యాయి. ఆ రోజు ఆ పిల్ల టేపు మెడలో వేసుకుని ఇల్లంతా తిరిగింది.

ఇక మిగిలింది డాక్టరమ్మ సంతకం. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆటగాళ్ల జాబితా మూసేస్తారు. ఆలోపు క్లబ్బు డాక్టరమ్మ 'ఆడవచ్చు' అని సంతకం పెడితే రెండేళ్ల ఒప్పందం, శనివారమే మొదటి ఆట. పెట్టకపోతే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం నెలాఖరుతో చెల్లిపోతుంది, పెట్టె సర్దుకోవడమే. ఇంకో క్లబ్బు ఈ మోకాలిని నమ్ముతుందని మేకు కూడా అనుకోవడం లేదు.

గురువారం ఉదయం డాక్టరమ్మ భుజం తిప్పి చూసింది. మోకాలు వంచి, ముందుకి లాగి, వెనక్కి తోసి చూసింది. ఒంటికాలి మీద ఇరవైసార్లు గెంతించింది. "ఎవరు కోశారో గాని మంచి చెయ్యి" అంది. మేకు గుండె కాస్త కుదుటపడింది.

తరవాత తల పరీక్ష. సీజన్ మొదలవ్వక ముందు, తల మామూలుగా ఉన్నప్పుడు ప్రతి ఆటగత్తెకీ ఇది చేసి రాసి పెట్టుకుంటారు. డాక్టరమ్మ పది మాటలు చదువుతుంది: గొడుగు, వంతెన, దువ్వెన, పొగ, ఏనుగు, తాళం, అరటిపండు, ఉత్తరం, నిచ్చెన, గంట. మధ్యలో అంకెలు వెనకనుంచి చెప్పించి, నేలమీద గీత వెంట నడిపించి, అప్పుడు ఆ పది మాటలూ మళ్లీ చెప్పమంటుంది. రేపు ఆటలో తలకి దెబ్బ తగిలితే పక్కకి పిలిచి ఇదే పరీక్ష పెడతారు. మామూలు రోజు లెక్కకి దగ్గరగా వస్తే ఆటలోకి, తగ్గితే ఇంటికి.

మేకు తొమ్మిది చెప్పింది. దువ్వెన ఒక్కటే తప్పింది. గీత మీద ఒక్కసారి కూడా తూలలేదు. ట్రయల్స్‌కి వచ్చిన పిల్ల, తన తల ఎంత బాగుందో చూపించాలని ఎగబడి మరీ చెప్పింది.

డాక్టరమ్మ కంప్యూటర్‌లో పాత క్లబ్బు పంపిన ఫైలు తెరిచింది. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"మూడేళ్ల కిందట ఇదే పరీక్షలో నీకు నాలుగు మాటలే గుర్తున్నాయి. గీత మీద ఏడుసార్లు తూలావని రాసుంది. తాగొచ్చావా ఆ రోజు?"

"లేదండి."

"వయసుతోపాటు తెలివి పెరుగుతుందంటారు గాని, మరీ నాలుగునుంచి తొమ్మిదికి పెరగడం నేనైతే చూడలేదు. ఆ రోజు నీకు ఒంట్లో ఏమైనా బాగాలేదా? లేకపోతే అంతకుముందే తలకి ఏదైనా దెబ్బ తగిలిందా? దెబ్బైతే మాత్రం నిపుణుడు చూడాలి, స్కానింగులు తియ్యాలి. మూడు నెలలు పడుతుంది."

"జ్వరం" అంది మేకు. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట, నోట్లో రెడీగా ఉన్నట్టు వచ్చేసింది. "ఆ రోజు జ్వరంగా ఉందండి."

"సరే. ఆ ముక్క మీ పాత క్లబ్బుతో రాయించి తెప్పించు. రేపు పదకొండు లోపు నా బల్ల మీదుంటే సంతకం పెట్టేస్తా." డాక్టరమ్మ ఫైలు మూస్తూ, తనలో తను అనుకున్నట్టే అంది, "తొమ్మిది చెప్పే మనిషి నాలుగు చెప్పిందంటే నేనైతే నడవనివ్వను. స్ట్రెచర్ తెప్పిస్తా."

మేకు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నదల్లా ఆగిపోయింది.

జ్వరమూ లేదు, గిరమూ లేదు. అసలు సంగతి ఇదీ. పాత క్లబ్బులో ఆ పరీక్ష రోజు కెప్టెన్ అక్క అందరినీ బట్టలు మార్చుకునే గదిలో కూర్చోబెట్టి పాఠం చెప్పేది. "ఇవాళ ఎవరూ తెలివి చూపించకండే. ఇవాళ తొమ్మిది చెప్తే, దెబ్బ తగిలిన రోజు కూడా తొమ్మిది అడుగుతారు. ఇవాళ నాలుగే చెప్పండి, ఎంత దెబ్బ తగిలినా నాలుగు చెప్పలేమా?" అందరూ నవ్వుకునేవాళ్లు. పరీక్షలో ఎక్కువ మార్కులకి కాపీ కొట్టేవాళ్లని చూశాం గాని, తక్కువ మార్కులకి కష్టపడేవాళ్లని ఎక్కడైనా చూశామా? వీళ్లు మాత్రం కష్టపడ్డారు. మేకుకి చిన్నప్పటినుంచీ విన్నది మరిచిపోయే అలవాటు లేదు. పాపం, ముందు రోజు అద్దం ముందు నిలబడి మరిచిపోవడం ప్రాక్టీసు చేసింది.

ఆ నాలుగు ఒకసారి అక్కరకొచ్చింది కూడా. రెండేళ్ల కిందట ఓ ఆటలో ఎవరిదో మోకాలు వచ్చి కణతకి తగిలింది. పక్కకి పిలిచి పరీక్ష పెట్టారు. నాలుగు మాటలు చెప్పింది. ఫైల్లోనూ నాలుగే కదా, వెళ్లి ఆడుకోమన్నారు. గట్టెక్కిన పరీక్షని దెబ్బ కింద రాసుకోరు గనక అది ఏ ఫైల్లోనూ లేదు. సరిగ్గా పదకొండు నిమిషాల తరవాత స్క్రమ్ కూలింది, కుడి మోకాలు లోపలికి తిరిగిపోయింది.

కుడిపక్కన ఉన్నది దిమ్మిస. నేల కుదేసే దిమ్మిసలా ఉంటుందని జట్టంతా అలా పిలిచేవాళ్లు. మేకుకి ప్రాణ స్నేహితురాలు, ఎనిమిదేళ్లుగా పక్కపక్కనే భుజం కలిపిన మనిషి. ఆసుపత్రి మంచం మీద మేకు అన్న మొదటి మాట, "దిమ్మిస పట్టు వదిలేసింది" అని. అబద్ధం చెప్పాలని అనలేదు, నిజంగా అలాగే అనిపించింది. విన్న మేకు తల్లి ఊరుకుంటుందా. ఆసుపత్రి వసారాలో అందరి ముందూ దిమ్మిసని నిలబెట్టి, "నా కూతురి కాలు విరగ్గొట్టావు, ఇంకోసారి మా గుమ్మం తొక్కావో చూడు" అంది. దిమ్మిస వెనక్కి తిరిగి మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ సీజన్ తోనే ఆట మానేసి డ్రైవింగ్ స్కూల్లో చేరింది.

క్లబ్బు నుంచి ఇంటికి నడుస్తూ మేకు లెక్క వేసుకుంది. ఆ రోజు కూడా నాలుగు చెప్పి నటించాననే ఇన్నాళ్లూ అనుకుంది. నిజంగా నటించిందా? అయిదో మాట నోటిదాకా వచ్చి ఆపుకుందా? ఎంత తవ్వుకున్నా గుర్తొచ్చింది ఒకటే, పరీక్ష పెట్టినతని బూటు లేసులు. ఆ లేసుల వంక చూస్తూ అయిదో మాట కోసం వెతుక్కుంది. లేదు. ఆ నాలుగే ఉన్నాయి. నాలుగు రాగానే అమ్మయ్య, చాలు అనుకుంది.

వీధి మలుపులో ఆగి గోడ పట్టుకుంది. ఆ రోజు నటించలేదు, తలే పనిచెయ్యలేదు. భయం వేసింది.

సాయంత్రం కెప్టెన్ అక్కకి ఫోన్ చేసింది. అక్క ఇప్పుడు అదే క్లబ్బు ఆఫీసులో ఉంది.

"జ్వరమని ఒక కాగితమేగా, అదెంత పని. రేపు పొద్దున్నకల్లా పంపిస్తా."

"అక్కా, ఆ నాలుగు గురించి నిజం చెప్పేస్తే?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది. "నీకేమైనా పిచ్చా? నీ ఒక్కదానిదే తిరగేసి ఊరుకుంటారా? ఇక్కడ ఇరవై మంది ఫైళ్లు తీస్తారు. కూర్చున్న కొమ్మ నరుక్కోవడం నీ ఇష్టం, మా అందరినీ కూడా కొమ్మ మీద ఎందుకు కూర్చోబెడతావు? జ్వరం వచ్చింది, తగ్గింది. అంతే."

ఫోన్ పెట్టేసి మేకు చాలాసేపు జెర్సీల గదిలో నిలబడింది. పెద్దమ్మ శనివారానికి కొత్త జెర్సీ మీద రెండో నంబరు కుడుతోంది. రెండో నంబరంటే నడిమి మనిషిది. "భుజాల దగ్గర ఓ వేలు వదులు పెట్టాను, బిగిస్తే చెప్పు" అంది. మేకు తల ఊపి గదిలోకి పోయి తలుపేసుకుని, రెండేళ్లుగా నొక్కని నంబరు నొక్కింది.

దిమ్మిస ఎత్తింది. హలో అనలేదు.

"నేనే" అంది మేకు.

"తెలుసు. పేరు తీసెయ్యలేదు."

ఇక నాన్చలేదు. నాలుగు మాటల సంగతి దిమ్మిసకి కొత్త కాదు, తనూ అక్క పాఠం విన్నదే. కానీ కణతకి దెబ్బ తగిలాక అయిదో మాట నిజంగానే దొరకలేదని, అలాంటి తలతో నీ చెయ్యి జారిందనడం తప్పని మేకు చెప్పింది.

"ఆ స్క్రమ్‌కి ముందు" అని దిమ్మిస మొదలుపెట్టింది, "నువ్వు అవతలి జట్టు వైపు నడిచావు. వాళ్ల వరసలో నిలబడబోయావు. నేనే నీ జెర్సీ పట్టుకుని వెనక్కి లాగా. గుర్తుందా?"

"లేదు."

"నవ్వుకున్నాం కూడానే. నువ్వూ నవ్వావు. నేనది వేళాకోళం అనుకున్నా." ఊపిరి పీల్చుకుంది. "ఆ ఆట వీడియో ఎన్నిసార్లు చూశానో తెలుసా? నా చెయ్యి ఎక్కడ జారిందా అని. ఎక్కడా కనబడలేదు. అయినా నువ్వు జారిందన్నావు కదా, నీకంటే ఎవరికి తెలుస్తుంది అనుకున్నా. రెండేళ్లుగా నా చెయ్యి చూసుకుంటే నాకే అసహ్యం. స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిస్తాను జనానికి. గట్టిగా పట్టుకోండి అని చెప్పేటప్పుడల్లా నాకు నోరు పెగలదు."

ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. మద్దెలకి నోరుంటే ఏమనేదో వాళ్లు చెప్పలేదు. మేకు ఏడ్చింది. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు.

"ఇది మీ డాక్టర్‌కి చెప్తే నీ ఆట పోతుందా?" దిమ్మిస అడిగింది.

"పోతుంది."

"అయితే నాకెందుకు చెప్పావే ఇప్పుడు?" అని పెట్టేసింది.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి అక్క పంపిన కాగితం ఫోన్‌లోకి వచ్చింది. ముద్ర ఉంది, సంతకం ఉంది, జ్వరం ఎంత డిగ్రీలో కూడా ఉంది. అబద్ధానికి అంకె చేరిస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో. పది ముప్పావుకి మేకు డాక్టరమ్మ ఎదురుగా కూర్చుంది. ఫోన్ ఒళ్లో ఉంది. వేలు పెట్టి చూపిస్తే చాలు.

"తెచ్చావా?" అంది డాక్టరమ్మ.

"జ్వరం అబద్ధమండి. ఆ రోజు కావాలనే నాలుగు చెప్పాను."

అది సగం నిజమే. అక్క పేరు చెప్పలేదు. తన బుద్ధే అలా పుట్టిందని చెప్పింది. డాక్టరమ్మ విని, పెన్ను బల్ల మీద కొట్టింది.

"అతి తెలివి. ఆ తూలడం కూడా నటనేనా? ఏడుసార్లా? నువ్వు ఆటలోకి కాదు, నాటకాల్లోకి వెళ్లాల్సింది." కోపంగానే అంది గాని మొహంలో భారం తగ్గింది. "నిన్నటి పది మాటలు చెప్పు చూద్దాం."

"గొడుగు, వంతెన, దువ్వెన, పొగ, ఏనుగు, తాళం, అరటిపండు, ఉత్తరం, నిచ్చెన, గంట."

పదికి పది. ఇరవై నాలుగు గంటల తరవాత. డాక్టరమ్మ తల ఊపింది. "సరే. ఆ పాత కాగితం కొట్టేసి నిన్నటిది అసలైనదని రాస్తాను. తల బాగానే ఉంది. కోచ్‌కి మాత్రం నీ ఘనకార్యం చెప్పక తప్పదు." ఫారం ముందుకి లాక్కుని పెన్ను మూత తీసింది. గోడ గడియారం పదకొండు దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది. ఇంత తేలికా అనుకుంది. సగంతోనే గట్టెక్కాం కదా, మిగతా సగం ఎవరడిగారు అని లోపల ఎవరో చెవిలో ఊదుతున్నారు.

పెన్ను కాగితం మీద ఆనించి, డాక్టరమ్మ తలెత్తకుండానే అడిగింది. "ఆ తరవాత ఎప్పుడైనా ఆటలో ఈ నాలుగు నీకు పనికొచ్చిందా?"

లేదండి అంటే అయిపోయేది. ఒక్క మాట. ఆరు వారాల బస్తాలు, మూడు ఆపరేషన్లు, మెడలో వేసుకు తిరిగిన టేపు, గోడ మీద వేలాడుతున్న రెండో నంబరు జెర్సీ, అన్నీ ఆ ఒక్క మాట అవతల ఉన్నాయి. మేకు నోరు తెరిచింది. దిమ్మిస తన చెయ్యి తాను చూసుకుంటూ కళ్ల ముందు కనబడింది.

"ఒకసారి పనికొచ్చిందండి" అంది.

డాక్టరమ్మ పెన్ను ఎత్తేసింది. అంతా విన్నాక మూత పెట్టి, ఫారం పక్కకి జరిపింది. "రెండేళ్లయింది. నీ తలలో ఏమీ లేదనే నా నమ్మకం. కానీ నమ్మకం మీద సంతకం పెట్టను, నిపుణుడు చూడాల్సిందే" అంది. ఫైలు మళ్లీ తెరిచి, "పెట్టకముందే చెప్పావు. అది కూడా రాస్తాను" అంది.

పన్నెండయింది. జాబితా మూసేశారు. కోచ్ పిలిచి ఒక్కటే మాట చెప్పాడు. రిపోర్టులు బాగుంటే వచ్చే సీజన్‌కి రావచ్చు, కానీ మళ్లీ మొదటినుంచి ట్రయల్స్, చోటు ఉంచుతానని మాటివ్వలేనని. మేకు సరేనంది. మధ్యాహ్నం తల్లి ఫోన్ చేసి, "సంతకం అయిందా తల్లీ" అంది. మేకు జరిగిందంతా చెప్పింది. తల్లి మొదట ఏడ్చింది, తరవాత తిట్టింది.

"అమ్మా, ఆ రోజు వసారాలో నువ్వన్న మాటలు" అంది మేకు.

"తెలుసులే" అని పెట్టేసింది తల్లి.

శనివారం ఆట మొదలైంది. రెండో నంబరు జెర్సీ ఇంకెవరో తొడుక్కున్నారు, భుజాల దగ్గర ఓ వేలు వదులుగా ఉంది. మేకు గీత అవతల నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడింది. మొదటి స్క్రమ్‌కి రెండు జట్లూ వంగాయి. పక్కవాళ్లు నడిమి పిల్లని రెండు వైపులా గట్టిగా పట్టుకున్నారు. చూడలేక మేకు మొహం తిప్పుకుంది. జేబులో ఫోన్ మోగింది. తల్లి నంబరు. ఎత్తితే దిమ్మిస గొంతు.

"మీ అమ్మ మా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోవట్లేదు, గుమ్మంలోనే నిలబడింది. నా చెయ్యి పట్టుకుని వదలట్లేదు." అవతల బొత్తాం నొక్కినట్టు టిక్కుమంది. "స్పీకర్ పెట్టా. మా అమ్మా నాన్నా అందరూ ఇక్కడే ఉన్నారు. మొన్న నాకు చెప్పింది ఇంకోసారి చెప్పు. గట్టిగా చెప్పు."

వెనక స్క్రమ్ ఢీకొన్న చప్పుడైంది. జనం అరుస్తున్నారు. మేకు ఆ అరుపుల మీదుగా, మైదానమంతా వినబడేలా చెప్పింది.

"నీ చెయ్యి జారలేదే. ఆ రోజు నీ చెయ్యి జారలేదు."